ఎండు గీత

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే బ్రష్‌లు చాలావరకు నీళ్ళున్న ఊళ్ళ నుంచి వచ్చినవని నా అనుమానం. ట్యాబ్లెట్ మీద పెన్ను పెట్టి ఇలా లాగితే చాలు, గీత సన్నగా మొదలై, నడుమ నిండుగా ఉబ్బి, చివర మెత్తగా జారుకుంటుంది. అప్పుడే సిరాలో ముంచి తీసిన కుంచె, ఆ తడిని నెమ్మదిగా పీల్చుకునే కాగితం, ఆరడానికి తొందరలేని గాలి, అన్నీ ఆ గీతలో ముందే ఉన్నాయి. ఎవరు లాగినా బాగుంటుంది. దాంతో వచ్చిన చిక్కే అది. చాక్ అనీ చార్‌కోల్ అనీ ఎండు బ్రష్‌లు కూడా ఇస్తారు గానీ, అవి మోసుకొచ్చేది మంచి డ్రాయింగ్ షీటు గరుకును. మా కంబదూరు గరుకు వేరే.

కళ్యాణదుర్గం నుంచి పావగడ వైపు పోయే దారిలో మా ఊరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని ఇక్కడికి వట్టి చేతులతో వస్తాయి. ఈశాన్యపు వానలకు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చే ఓపిక ఉండదు. జిల్లా సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. సగటు అనేది ఎవరి చేనులోనూ కురవదు కాబట్టి ఆ అంకెను మేం పెద్దగా నమ్మం. అలాంటి నేల మీద గీతలు ఎలా ఉంటాయంటే, గొర్రుతో విత్తిన చెనిక్కాయ సాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తే తాడు పట్టి గీసినట్టు ఉంటాయి. దిగి నడిస్తే తెలుస్తుంది. మొలవని చోట గీత తెగిపోయి ఉంటుంది, రెండడుగుల తర్వాత మొలిచిన చోట మళ్ళీ అందుకుంటుంది, మధ్యలో ఒక గుండు అడ్డొస్తే పక్కకు తిరుగుతుంది. తెగినా అది ఒకే సాలు. కన్ను దాన్ని కలుపుకుంటుంది. మా దగ్గర గీత అంటే ఎక్కువభాగం అదే: కొంత ఉన్నది, కొంత కన్ను పూరించుకున్నది.

బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు ఈ సంగతి అవసరం రాలేదు. అక్కడ గీసినవి యాప్‌ల బొమ్మలు: గుండ్రటి తలలు, నున్నటి చేతులు, నవ్వే ఏటీఎం కార్డులు. ఊరికి వచ్చాక పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు గీసే పని దొరికింది. కథ మా సీమలోనే జరుగుతుంది. చెట్లు, కంపలు, మేకలు, ఎండిన వంక. గీసిన మొదటి చెట్టును తెర మీద చూసి మా పెద్దనాయన అడిగినాడు: “ఏమ్రా, ఇది యాడి చెట్టు?”

“వేపచెట్టే, పెద్దనాయనా. మన చేని కాడిదే.”

“ఆకు చూస్తే వేపాకే. కొమ్మ చూస్తే కాలవ గట్టు మీది చెట్టు మాదిరుండాది. బాగా నీళ్ళు తాగినట్టుండాది.”

చిత్రకళా విమర్శ మీద నేను చదివిన పుస్తకాల్లో ఇంత కచ్చితమైన మాట తక్కువ. కొమ్మ ఆకారంలో తేడా లేదు, ఫొటో పక్కన పెట్టుకునే గీశాను. నీళ్ళు తాగింది చెట్టు కాదు, బ్రష్.

ఈ సాఫ్ట్‌వేర్లు గీసే వెక్టర్ గీతకు పుట్టుకతోనే నునుపు మీద మోజు. రెనో కార్ల కంపెనీలో పియేర్ బెజియే అనే ఇంజనీరు 1960లలో కారు ఒంటి వంపులను లెక్కలో పట్టడానికి వాడుకలోకి తెచ్చిన రేఖ అది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో అదే లెక్కను అంతకు ముందే సాధించినా, కంపెనీ దాన్ని గుట్టుగా దాచుకుంది. పేరు బెజియేకు దక్కింది. అటొక బిందువు, ఇటొక బిందువు, వంపును లాగడానికి రెండు పిడులు. ఇంత కొద్ది సరంజామాతో ఎంత పొడుగు వంపైనా వచ్చేస్తుంది, ఎంత పెంచినా పగలదు. 1987లో అడోబీ వాళ్ళు ఇలస్ట్రేటర్ తెచ్చినప్పుడు దాని గుండెకాయ ఈ రేఖే. తర్వాత ఉచితంగా దొరికిన ఇంక్‌స్కేప్‌దీ అదే. అంటే కారు బానెట్టు కోసం పుట్టిన గీతతో నేను సర్కారు తుమ్మ కంప గీయాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కాబట్టి ఆ వంపులు కూడా ఇప్పుడు మా వైపువేనని సర్దిచెప్పుకోవచ్చు. రామగిరి కొండల మీది గాలిమరలైతే వెక్టర్ కోసమే నిలబెట్టినట్టుంటాయి: తిన్నని స్తంభం, మూడు సన్నని రెక్కలు, టీ చల్లారేలోపు అయిపోయే బొమ్మ. వాటి కింద మేసే మేక దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టం మొదలవుతుంది.

సొంత బ్రష్ చేసుకోవడం ఈ సాఫ్ట్‌వేర్లలో పెద్ద విద్య కాదు. ఇలస్ట్రేటర్‌లో ఒక ఆకారం గీసి బ్రష్‌ల పెట్టెలోకి లాగితే ఏ రకం కావాలని అడుగుతుంది. కాలిగ్రఫిక్ అంటే కత్తిరించిన పాళీ లాంటిది. కోణం, గుండ్రదనం, సైజు మూడే దాని గుణాలు. స్కాటర్ అంటే ఒక బొమ్మను దారి పొడుగునా చల్లుకుంటూ పోతుంది. ఆర్ట్ బ్రష్ ఒక ఆకారాన్ని గీత ఎంత పొడుగుంటే అంత సాగదీస్తుంది. ప్యాటర్న్ బ్రష్ చీర అంచులాగా ముక్కను పదేపదే పేరుస్తుంది, మూలలకు వేరే ముక్కలు అడుగుతుంది. ఇంక్‌స్కేప్‌లో ఇంకా మోటు పద్ధతి. మన ఆకారాన్ని కాపీ చేసి, పెన్సిల్ పట్టుకుని, పైనున్న ‘ఆకారం’ పెట్టె దగ్గర ‘క్లిప్‌బోర్డ్ నుంచి’ అని ఎంచుకుంటే, ఆ తర్వాత గీసే ప్రతి గీతా ఆ ఆకారాన్ని తొడుక్కుంటుంది. ఒకసారే సాగాలా, తిరిగి తిరిగి రావాలా అన్నది తర్వాత నిర్ణయించుకోవచ్చు. పావుగంట పని. ఆ ఆకారం ఎక్కడ నుంచి తేవాలి అన్నదానికే నెలలు పడుతుంది.

పనిముట్టును తానే తయారుచేసుకోవడం తెలుగు చిత్రకారులకు కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చేసేవాళ్ళు ఇప్పటికీ కలం కొనుక్కోరు. వెదురుపుల్ల చివర చెక్కి, పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ చుట్టే రంగును పీల్చి పట్టుకునే సంచి. వేళ్ళతో నొక్కితే రంగు కిందికి దిగుతుంది. అంచులు గీయడానికి మొనదేలినది ఒకటి, రంగు నింపడానికి మొద్దుది ఇంకొకటి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి నలుపు తీస్తారు. గుడ్డను ముందే కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనివ్వదు. కలం, రంగు, గుడ్డ మూడింటినీ ఒకదాని కోసం ఒకదాన్ని సిద్ధం చేస్తారన్నమాట. మా పక్కనే, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ఇంకో పద్ధతి ఉంది. మేకతోలును పలచగా, వెలుతురు పారేలా సాపు చేసి, రకరకాల మొనలున్న చిన్న ఉలులతో కొట్టి చిల్లులు వేస్తారు. ఒక మొన చుక్క, ఇంకో మొన బియ్యపుగింజ, మరొకటి నెలవంక. సీతమ్మ వడ్డాణం, రావణుడి కిరీటాల వరస అంతా ఆ కొద్ది మొనల కూడికే. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలవుతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకే ముక్కను పేరుస్తూ వరస కట్టే ప్యాటర్న్ బ్రష్ అనేది కంప్యూటర్ వాళ్ళు కనిపెట్టిన సంగతి అనుకునేవాళ్ళు ఆ బొమ్మలను ఒకసారి దగ్గరగా చూడాలి.

అయితే ఈ పోలికను ఎంతోదూరం లాగలేం. కలానికి జ్ఞాపకం ఉండదు. నిన్న గీసిన గీత ఇవాళ దానికి గుర్తులేదు. ప్రతి గీతా చేతి నుంచి, ఆ పూట ఉన్న తడి నుంచి, కొత్తగా రావాల్సిందే. ఉలి కూడా అంతే. మొన ఒక్కటే అయినా దెబ్బ దెబ్బకూ తోలు మందం మారుతుంది, సుత్తి బరువు మారుతుంది. వెక్టర్ బ్రష్ దీనికి పూర్తిగా తలకిందులు. అది పనిముట్టు కాదు, జ్ఞాపకం. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు లాగిన ఒక గీతను దాచిపెట్టుకుని, మనం పెన్ను కదిపినప్పుడల్లా దాన్నే మళ్ళీ వినిపిస్తుంది. ఆ మొదటి గీత గీసినవాడు హుషారుగా ఉంటే నా బొమ్మలో మేకలన్నీ హుషారుగా ఉంటాయి, కథలో అవి ఆకలితో ఉన్నా సరే.

బాపు చేతిరాత సంగతే తీసుకోండి. ఆయన (1933–2014) అక్షరాలు ఫాంటుగా మారి పెళ్ళిపత్రికల మీద, పుస్తకాల అట్టల మీద, స్వీటుషాపుల బోర్డుల మీద ఊరూరా తిరుగుతున్నాయి. నాకు ఆ ఫాంటు ఇష్టమే. కానీ ‘శ్రీరస్తు శుభమస్తు’లో రెండు ‘స్తు’లూ అచ్చు గుద్దినట్టు ఒకటే అయినప్పుడు చిన్న నలత తగులుతుంది. చేత్తో రాస్తే రెండోది కొంచెం వంగేది, లేదా ఒత్తు కొంచెం బయటికి దూకేది. ఫాంటు దాచింది ఆయన అక్షరాన్ని. పక్క అక్షరాన్ని చూసి ఈ అక్షరాన్ని మార్చుకునే ఆయన తెలివిని కాదు. ఇంక్‌స్కేప్ వాళ్ళకూ ఈ బెంగ ఉన్నట్టుంది. వాళ్ళ కాలిగ్రఫీ పెన్నులో వణుకుకు ఒక మీట, ఊగిసలాటకు ఒక మీట, పెన్ను బరువుకు ఒక మీట పెట్టారు. వణుకును పెంచి చూశాను. వణుకుతుంది నిజమే, కానీ దేనికి వణుకుతోందో దానికి తెలియదు. ముసలివాడి చెయ్యి కప్పు ఎత్తేటప్పుడు ఒకరకంగా, సంతకం పెట్టేటప్పుడు ఇంకోరకంగా వణుకుతుంది. మీటకు ఆ తేడా లేదు.

అందుకని బ్రష్‌లో ఏం దాచాలి, ఏం దాచకూడదు అన్నదే నాకు అసలు ప్రశ్న అయింది. చాలా తిప్పలు పడ్డాక కుదిరిన జవాబు ఇది: వస్తువు గుణాన్ని బ్రష్‌కు ఇవ్వాలి, చేతి కదలికను ఇవ్వకూడదు. గరుకు, ఎండు, పీచు, ఇవి బ్రష్‌లో ఉండొచ్చు. ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ సన్నబడాలి, ఎక్కడ ఆగాలి అన్నవి పెన్ను పట్టుకున్న చేతికే వదిలేయాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే బ్రష్‌లలో ఎక్కువభాగం రెండోదాన్ని కూడా కలిపే ఇస్తాయి. అందుకే అవి మొదటి రోజు అంత అందంగా ఉంటాయి, పదో బొమ్మకు అంత విసుగొస్తుంది.

వస్తువు కోసం వెతుకుతుంటే అది నోట్లోనే దొరికింది. పొద్దున్నే పళ్ళు తోముకునే వేపపుల్ల. నమిలిన చివర పీచులు పీచులుగా విడిపోయి, ఏ దుకాణంలోనూ దొరకని కుంచె అవుతుంది. కానుగపుల్ల పీచు ఇంకొంచెం మెత్తన. పుల్లను కడిగి, ఎండలో పెట్టి, ఇండియన్ ఇంక్‌లో కొసను మాత్రం తాకించి, ముందు పాత పేపరు మీద రెండు సార్లు తుడిచి, అప్పుడు తెల్ల కాగితం మీద తిన్నగా లాగాను. కావాలనే ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో, చెయ్యి తన గొప్ప చూపించకుండా. సిరా సగంలోనే అయిపోయింది. మిగతా సగం పీచులు కాగితాన్ని గీరిన గుర్తులు. అదే నాకు కావలసింది. ఫోన్‌తో ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లో ‘ట్రేస్ బిట్‌మ్యాప్’కు ఇస్తే నలుపును నలుపుగా, తెలుపును తెలుపుగా విడగొట్టి రేఖలుగా మార్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఎదురైంది. నున్నటి తడి గీతకు నోడ్లు, అంటే ఆ బిందువులు, పదో పన్నెండో చాలు. మా ఎండు గీతకు వేలు కావలసి వచ్చాయి. నిజమే కదా, ప్రతి చిన్న నలుసూ ఒక మూసిన ఆకారం, ప్రతి తెల్ల సందూ ఒక చిల్లు. ఆ బ్రష్‌తో ఒక్క కంపచెట్టు గీసేసరికి నా కంప్యూటర్ ఫ్యాను ఎండాకాలపు బస్సులా మొత్తుకుంది. వెక్టర్ లోకంలో తడి చవక, ఎండు ఖరీదు. బయట మేం నీళ్ళకు పడే ఖర్చు చూస్తే ఇది కొంచెం వేళాకోళంగానే అనిపించింది.

కాబట్టి తగ్గించాలి. ‘సింప్లిఫై’ అనే ఆజ్ఞ ఉంది, ఒక్క నొక్కుతో నోడ్లను తగ్గిస్తుంది. కానీ దానికి తెలిసిన తగ్గింపు నునుపు చేయడమే. పీచు గుర్తులన్నీ గులకరాళ్ళలా గుండ్రబడతాయి. అది కుదరక చేత్తోనే ఏరాల్సి వచ్చింది. ఏ నలుసు తీసేసినా ఎండుతనం పోదో దాన్ని తీసేయడం. ఏది తీస్తే గీత తడిసిపోయినట్టు కనపడుతుందో దాన్ని ఉంచడం. చివరికి మిగిలినవి చూస్తే ఆశ్చర్యంగా కొద్ది. అంచు దగ్గర నాలుగైదు చీలికలు, నడుమ రెండు పొడుగాటి తెల్ల సందులు, తోక దగ్గర విడిపోయిన మూడు పీచులు. మిగతాది చూసేవాడి కన్ను పూరించుకుంటుంది, చెనిక్కాయ సాలు విషయంలో పూరించుకున్నట్టే.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంది. కొమ్మను ముందు కాలిగ్రఫీ పెన్నుతో, ఒత్తిడిని చేతికే వదిలేసి, నిండుగా గీస్తాను. దాని మీదుగా వేపపుల్ల గరుకును ఇంకో గీతగా పరిచి, ఆ రెండోదాన్ని మొదటిదాంట్లోంచి కోసేస్తాను. ‘డిఫరెన్స్’ అంటారు. అంటే ఎండుతనం పైన పూసింది కాదు, లోపల నుంచి తీసేసింది. నిమ్మలకుంట చిల్లుల లెక్కకు ఇది ఎంత దగ్గరో చేసిన తర్వాతగానీ తట్టలేదు.

వెక్టర్‌కు కొలత లేదు, తపాలాబిళ్ళ మీదైనా గోడ మీదైనా అదే బొమ్మ అని చెబుతారు. గీతకు అది నిజం. బ్రష్‌కు కాదు. పుస్తకంలో బొమ్మ బొటనవేలంత అయ్యేసరికి నా తెల్ల సందులు అచ్చులో సిరాతో పూడిపోయి, కొమ్మ మళ్ళీ నీళ్ళు తాగింది. అదే బొమ్మను ఒక బడి గోడకు పెంచితే పీచు గుర్తులు కొరడా దెబ్బల్లా తేలాయి. ఏ వేపపుల్లా అంత లావుండదని కన్నుకు వెంటనే తెలిసిపోతుంది. గోడకు చీపురుతో గీసిన గీత కావాలి, బొటనవేలి బొమ్మకు ఒకే ఒక్క చీలిక చాలు. అందుకే నా పెట్టెలో ఒకే పుల్ల మూడు సైజుల్లో, మూడు వేరువేరు గీతలుగా ఉంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో 16వ శతాబ్దపు చిత్రాలను కప్పు మీద చూస్తే వాళ్ళకు ఈ లెక్క ఎంత బాగా తెలుసో కనపడుతుంది. మనుషుల ఒంటి చుట్టూ ధైర్యమైన నల్లగీత, కింద నిలబడి మెడ ఎత్తి చూసేవాడి కోసం. చీరల మీది అల్లికకు వేరే చెయ్యి, వేరే మొన.

తిరిగి తిరిగి రావడం అనే జబ్బుకు మాత్రం పూర్తి మందు దొరకలేదు. ఒకే గరుకు పక్కపక్కన రెండు కొమ్మల మీద పడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పెద్దలు పట్టరు, వాళ్ళు కథ చదువుతుంటారు. ఉన్న దారల్లా పొడుగాటి ముక్క తీసుకోవడమే. ఒకే లాగుడు కాకుండా పది రకాల లాగుళ్ళు అతికించి ఒకటే పొడవైన గరుకు చేసి, ఒక్కో కొమ్మకు ఒక్కో చోటు నుంచి కోసుకుంటున్నాను. కొంత నయం.

ఆ బ్రష్‌ను ఈమధ్య కోనసీమలో బొమ్మలు గీసే ఒక అమ్మాయికి పంపాను. ఆమె దానితో పంటకాలవ గీసి పంపింది. “అన్నా, మీ బ్రష్ పెడితే మా కాలవ ఎండిపోయిందండీ, రైతులు గొడవకొస్తారు” అని కింద రాసింది. నిజంగానే నీళ్ళ మీద గీతలు పగుళ్ళలా ఉన్నాయి. అయితే అదే బ్రష్‌తో ఆమె గీసిన పాత పడవ చెక్కలు చూసి నాకు అసూయ కలిగింది. వేపపుల్లకు అంత చక్కటి పని ఉందని నేను ఊహించలేదు. సర్కారు తుమ్మ కూడా అలా పరాయి చోటి నుంచి వచ్చిందే కదా. అమెరికా ఖండాల చెట్టు, 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం తెచ్చి నాటితే ఇవాళ అది లేకుండా మా ఊరి బొమ్మ గీస్తే పెద్దనాయన ఒప్పుకోడు.

బదులుగా ఆమె కొబ్బరి ఈనెతో చేసిన తన బ్రష్ పంపింది. నిండుగా, మెరుస్తూ, ఒక్క చీలిక లేని తడి గీత. దాన్ని ఎందుకు వాడతానులే అనుకున్నాను. కథలో ఒకచోట రాత్రి వాన పడుతుంది. తెల్లారి చెనిక్కాయ చేను గీయాలి. ఆ ఒక్క పుటకు నా పెట్టెలో ఏదీ పనికిరాలేదు. ఈనె బ్రష్ తీశాను. ఆకులన్నీ దానితోనే గీశాను. నోడ్లు తొమ్మిదే. ఫ్యాను చప్పుడే చేయలేదు.